బావి మీద దిగిన దీపాలు

నా చిన్నప్పుడు మా ఊరు ఒక బావిని వదిలేసింది. నీళ్లు ఎండిపోయి కాదు, చెడిపోయీ కాదు. ఊరంతా కలిసి ఒక సాయంత్రం ఆకాశంలో ఏదో చూసింది. ఆ చూసింది వెళ్లి మా మంచినీళ్ల బావి మీద దిగిందని నమ్మింది. అంతే. ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి చెప్పడానికి కూర్చున్నా నాకు ముందు వచ్చేది నవ్వు కాదు, చిరాకు. ఎవరి మీద అంటే చెప్పలేను. అందులో ఎవరూ అబద్ధమాడలేదు. అదే అసలు బాధ.

మాది గుంటూరు జిల్లా పోయి ప్రకాశం జిల్లా మొదలయ్యే చోట ఒక నల్లరేగడి పల్లె. పత్తి గురించీ మిరప గురించీ తప్ప జనం మాట్లాడుకునేది తక్కువ. ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే పడేవి. అవి అంట్లకీ గొడ్లకీ తప్ప పనికిరావు. తాగడానికి ఊరికి పడమటగా, తాటిచెట్ల వరస పక్కన ఒకే ఒక దిగుడుబావి ఉండేది. రాతిమెట్లు దిగి బిందె ముంచుకోవాలి. అది ఎనభైల నడిమి కాలం. ఊరికి కరెంటు వచ్చింది గానీ కుళాయి ఇంకా రాలేదు.

నాకప్పుడు పదకొండో పన్నెండో. మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఆ సాయంత్రం మేము కళ్లంలో ఉన్నాం. ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి వేరే పోగు పోస్తున్నాం. మా అమ్మ, నేను, మా మేనత్త కొడుకు, మా చేలో కోతకి వచ్చిన ఆడవాళ్లు. ఘాటుకి అందరి కళ్లూ నీళ్లు కారుతూనే ఉండేవి, దాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. పొద్దు కుంకింది. పడమర ఇంకా ఎర్రగానే ఉంది. కాయల మీద పట్టాలు కప్పి ఇంటికి పోదామని లేస్తున్నాం.

అప్పుడు దక్షిణం వైపు నుంచి వచ్చింది. నారింజరంగు వెలుగు. ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి, వరసగా చాలా. చప్పుడు లేదు. చుక్క రాలినట్టు చటుక్కున మాయం కాలేదు. ఎవరో తాడు కట్టి మెల్లగా లాక్కుపోతున్నట్టు పడమటికి సాగి, తాటిచెట్ల వెనకాల కిందికి పోయింది.

నేను "దీపాలు! దీపాలు!" అని అరిచాను. నా పక్కనే మా బావ "రైలు! ఆకాశంలో రైలు పోతంది చూడండ్రోయ్" అన్నాడు. కోతకి వచ్చిన ఒక ముసలమ్మ చేతిలో చాట కింద పడేసి, "అమ్మో, మంచినీళ్ల బావి మీద దిగిందే తల్లీ" అంది. మేము చూసినంత సేపట్లో పుట్టిన మాటలు ఈ మూడే. మిగిలిందంతా తర్వాత పెరిగింది.

అన్నాల వేళకి ఊరు ఊరంతా వీధిలో ఉంది. చూడనివాడు లేడు. చేల నుంచి బండ్ల మీద వస్తున్నవాళ్లు చూశారు, పంచాయతీ అరుగు మీద కూర్చున్న పెద్దలు చూశారు, చివరికి మా బడిలో సైన్సు మేష్టారు కూడా చూశారు. ఆయన చూడటం అందరికీ పెద్ద బలం. చదువుకున్నాయనే చూశానంటుంటే ఇంకేం కావాలి? తెల్లారి బావి దగ్గరికి వెళ్లినవాళ్లు నీళ్లు ఒక మెట్టు కిందికి దిగాయన్నారు. మాడువాసన వస్తోందన్నారు. ఎండలు ముదిరే ముందు ఆ బావిలో నీళ్లు ఏటా దిగుతాయి. పక్క చేలో అంతకు ముందే ఎవరో ఎండిన పత్తికట్టె తగలబెట్టారు. ఈ రెండు సంగతులూ ఊళ్లో అందరికీ తెలిసినవే, కానీ ఆ పొద్దున ఒక్కరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నానికి ఎవరిదో మేకపిల్ల చచ్చిపోయింది. సాయంత్రానికి పెద్దలు తుమ్మకంప తెప్పించి బావి మెట్లకి అడ్డంగా వేయించారు. ఏం దిగిందో, నీళ్లలో ఏం కలిపి పోయిందో తేలేదాకా ఎవరూ ఆ నీళ్లు ముట్టకూడదని తీర్మానం. తేల్చేది ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక మంచినీళ్లకి సాగర్ కాలవే గతి. అది ఊరికి తూర్పున, చేలగట్ల మీద చాలా దూరం నడిస్తే వస్తుంది. తీర్మానం చేసింది మగవాళ్లు, మోసింది ఆడవాళ్లు. మా అమ్మ నడుము మీద ఒక బిందె, తల మీద ఒక బిందె. నాకు ఒకటి. బడికి ముందు ఒకసారి, బడి నుంచి వచ్చాక ఇంకోసారి. మెడ పట్టేసి పుస్తకం వైపు వంగితే నొప్పి పుట్టేది. ఆలస్యంగా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడితే మేష్టారు కోప్పడేవారు. ఇంత కష్టపడి తెచ్చినా అవి బురదనీళ్లు. చిల్లగింజ అరగదీసి కలిపి, తేరుకునేదాకా కూర్చోవాలి. దాహం వేసిన పిల్లలు తేరుకునేదాకా ఆగుతారా?

మా పెద్దమ్మ ఆ శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చింది. మా అమ్మకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే, టైపు నేర్చుకుని తాలూకా టౌనులో కోర్టులో ఉద్యోగం సంపాదించుకుంది. సాక్షులు బోనెక్కి చెప్పే మాటలన్నీ టైపు కొట్టడం ఆమె పని. వారమంతా టౌనులో ఒక గది తీసుకుని ఉండేది, సెలవులకి మా ఇంటికి వచ్చేది. ముక్కు మీద కోపం. మా ఊళ్లో ఆమెని చూసి జంకని మగవాడు లేడు, ఆమె వెనక గొణగని మగవాడూ లేడు.

గడపలో కాలు పెట్టకముందే నేను మొత్తం చెప్పేశాను. వరసగా దీపాలు, రైలు పెట్టెకి ఉన్నట్టు కిటికీలు, బావి మీద దిగడం. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విని, ఒక్కటే అడిగింది.

"దిగడం చూశావా, చెట్ల వెనక్కి పోవడం చూశావా?"

"రెండూ ఒకటేగా పెద్దమ్మా."

"ఒకటి కాదే."

నాకు ఒళ్లు మండింది. నా కళ్లతో చూశానంటుంటే ఈమెకి ఏం సందేహం? మా నాన్న కూడా భోజనాల దగ్గర, "ఊరు ఊరంతా చూసింది వదినా, మీరొక్కరే కాదంటే ఎట్టా?" అన్నాడు. "చూడలేదని నేనన్నానా మరిదిగారూ? ఏం చూశారని అడుగుతున్నా" అంది ఆమె. ఆ రెండు మాటలకీ తేడా మాకెవరికీ అర్థం కాలేదు. ఆమె సోమవారం పొద్దున బస్సెక్కి వెళ్లిపోయింది. కంప కంపలాగే ఉంది.

ఆ తర్వాతి రోజుల్లో నేను బడిలో పెద్దమనిషినైపోయాను. కిటికీలు చూసిన అమ్మాయినని పై తరగతుల పిల్లలు కూడా వచ్చి అడిగేవాళ్లు. అడిగిన ప్రతిసారీ చెప్పేదాన్ని. ఎన్నిసార్లు చెబితే అంత స్పష్టంగా కనిపించేది. మా బావ అందులో మనుషులు ఉన్నారన్నాడు. కొన్నాళ్లకి నాకూ కిటికీల్లో తలకాయలు కనిపించడం మొదలైంది. నేను కల్పించి చెప్పలేదు. కళ్లు మూసుకుంటే నిజంగానే ఉండేవి. అందరి మాటా మెల్లగా ఒక్క మాట అయిపోయింది. మొదట చక్రంలా ఉందన్నవాడు కూడా రైలే అన్నాడు, ఉరుము ఉరిమిందన్నవాడు చప్పుడే లేదన్నాడు. ఇంతమంది ఇంత కచ్చితంగా ఒకే సంగతి చెబుతుంటే అది నిజం కాక ఏమవుతుందని ఊరు అనుకుంది. ఆ సాయంత్రం గుంటూరు వెళ్లి అసలు ఊళ్లోనే లేనివాళ్లు కూడా అదే కథ అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాళ్లు.

ఇంతలో మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్లు వాడికి. పొద్దున మొదలైతే సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి. పిలిస్తే పలకలేదు. మా నాన్న వాణ్ని ట్రాక్టరు మీద వేసుకుని టౌను ఆసుపత్రికి పరుగెత్తాడు. సెలైను ఎక్కించారు. ఆ పక్క మంచాల మీద మా ఊరి పిల్లలే ఇంకో ముగ్గురు. డాక్టరు గారు ఏం నీళ్లు తాగుతున్నారని అడిగితే మా అమ్మ కాలవ నీళ్లని చెప్పింది. ఆయన తల కొట్టుకున్నంత పని చేశాడు. ఊళ్లో మాత్రం పిల్లల జబ్బుకి వేరే కారణం చెప్పుకున్నారు. ఆ దిగినదాని గాలి సోకిందన్నారు. బావి నీళ్లు మానేసినందుకు వచ్చిన రోగాన్ని తీసుకెళ్లి బావి లెక్కలోనే వేశారు. ఇప్పటికీ ఈ ముక్క తలచుకుంటే నాకు గోడకి తల బాదుకోవాలనిపిస్తుంది.

పెద్దమ్మ ఆ మూడు నాలుగు రోజులూ కోర్టు వదలగానే ఆసుపత్రికి వచ్చి వాడి పక్కన కూర్చుంది. వాడు లేచి పాలు తాగిన తర్వాత, ఆదివారం మాతోపాటే ఊరికి వచ్చింది. ఇంట్లో కాళ్లు కూడా కడుక్కోకుండా నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, "ఇప్పుడు చెప్పు, ఏం చూశావో" అంది. చెప్పాను. తలకాయల దగ్గరికి రాగానే ఆపింది.

"మొదటి శనివారం చెప్పినప్పుడు తలకాయలు లేవే."

"మర్చిపోయుంటాను."

"అప్పుడే చూసి వచ్చినదానివి అప్పుడు మర్చిపోయి, ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా?"

నాకు ఏడుపు వచ్చింది. అబద్ధాలకోరువని అంటోందని అనుకున్నాను. ఆమె మాత్రం నా జుట్టు సవరించి, ఆ వెలుగు కనిపించగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటని అడిగింది. ఆలోచించాను. దీపాలు అన్నాను. రైలు అన్నది ఎవరు? మా బావ. మరి కిటికీలు ఎప్పుడొచ్చాయి, రైలు అనకముందా, అన్నాకా? ఎంత వెతుక్కున్నా రైలు అనకముందు నాకు కిటికీ దొరకలేదు.

"నువ్వు అబద్ధమాడావని కాదమ్మా," అంది. "అబద్ధమాడేవాణ్ని వకీలు నాలుగు ప్రశ్నలేసి పట్టుకుంటాడు. నిజమనుకుని చెప్పేవాడితోనే చావు. రోజూ చూస్తన్నా."

తర్వాత నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ అరుగు దగ్గరికి వెళ్లింది. ఆదివారం కాబట్టి పెద్దలంతా అక్కడే ఉన్నారు. ఆ రోజు చూసినవాళ్లంతా ఎక్కడ నిలబడి చూశారో వెళ్లి అక్కడే నిలబడి, అది ఎటు దిగిందో చెయ్యి చాపి చూపించమని అడిగింది. పెద్దలు నవ్వారు. కానీ జనానికి అదొక తమాషాగా అనిపించి కదిలారు. ఎవరి కళ్లంలో వాళ్లు, ఎవరి వాకిట్లో వాళ్లు చేతులు చాపి నిలబడ్డారు. మేము ఒక్కొక్కరి దగ్గరికీ నడిచాం. అందరి చేతులూ పడమటికే. మా కళ్లం నుంచి చూస్తే చెయ్యి తిన్నగా తాటిచెట్ల మీదికి, అంటే బావి మీదికే పోతుంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. చూశావా పెద్దమ్మా అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాను.

ఆమె ఇంకా ఒకరు మిగిలారంది. ఊళ్లో పత్తి ఏకి పరుపులు కుట్టే తాత ఒకాయన ఉండేవాడు. సాయిబుల తాత. పక్క ఊళ్లో పరుపులు కుట్టడానికి వెళ్లి రోజూ ఆ వేళకి సైకిలు మీద తిరిగి వచ్చేవాడు. ఆ పక్క ఊరు మాకు పడమట. అంటే ఆ సాయంత్రం ఆయన బావికి అవతలి పక్క ఉన్నాడు. ఆయన కూడా చూశానని, బావి మీదే దిగిందని ఊళ్లో అందరితోపాటు చెబుతున్నవాడే. ఆయన్నీ వెంటబెట్టుకుని బావి దాటి, ఆ కంప దాటి, ఇంకా ముందుకి నడిచాం. వెనక కొంతమంది పెద్దలు, పిల్లలు. ఒక కల్వర్టు దగ్గర తాత ఆగాడు.

"ఇక్కడేనమ్మా. చైను ఊడితే సైకిలు ఆపి ఎక్కించుకుంటన్నా."

"అది ఎటు దిగింది తాతా? చెయ్యి చాపి చూపించండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యెత్తాడు. పడమటికి. తాను వచ్చిన ఊరి వైపు, చేల మీదుగా.

"మరి బావి ఎక్కడుంది?"

తాత తల తిప్పాడు. బావి ఆయన వీపు వెనక ఉంది. చెయ్యి మాత్రం ఇంకా పడమటికే చాపి ఉంది. ఆ చేతి వంక, వెనక తాటిచెట్ల వంక మార్చి మార్చి చూసుకున్నాడు. ఊళ్లో నిలబడితే బావి మీద దిగినట్టు కనిపించింది, బావి దాటి నిలబడితే ఇంకా అవతల ఎక్కడో దిగినట్టు కనిపించింది. అంటే అది మా బావి దరిదాపుల్లో లేనే లేదు. పన్నెండేళ్ల పిల్లకి అర్థమైంది. ఇక అయిపోయింది, కంప తీసేస్తారని అనుకున్నాను.

"బావి మీద దిగిందని మీరూ చెబుతున్నారు కదా తాతా?" అంది పెద్దమ్మ, వీలైనంత మెత్తగా.

"అందరూ చూసి చెప్తన్నారమ్మా," అన్నాడు తాత, చెయ్యి దించుకుంటూ. "అంతమంది కళ్లు అబద్ధమా? నేనొక్కణ్ని. మసక చీకటి, పైగా చైను గోలలో ఉన్నా. నేనే తప్పు చూసుంటా."

వెనక ఉన్న పెద్దల్లో ఒకాయన, "అదీ మాట" అన్నాడు.

పెద్దమ్మ ఆ కల్వర్టు గోడ మీద కూలబడింది. కోపంతో ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి. లేచి ఇంకొకటి చెప్పింది. కోర్టు పని మీద వచ్చే రకరకాల ఊళ్లవాళ్లని, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లని ఆమె ఇన్నాళ్లూ అడుగుతూనే ఉందట. పర్చూరు ఆయన పొగాకు చేలో దిగిందన్నాడు. పిడుగురాళ్ల ఆయన సున్నపురాయి క్వారీ గుంటలో దిగిందన్నాడు. కనిగిరి ఆయన కొండ మీద కోట వెనకాలేనని ఒట్టు పెట్టుకున్నాడు. అందరూ అదే సాయంత్రం, అదే వేళ, తమ ఊరి పక్కనే చూశారు. "ఒక్కటే వస్తువు ఇన్ని ఊళ్లలో ఎట్టా దిగుద్దయ్యా? ఎక్కడో ఆకాశంలో చాలా ఎత్తున, చాలా దూరాన పోయింది. అంత ఎత్తున పోయింది కాబట్టి ఎవరికి వాళ్లకి పక్కనే దిగినట్టు అనిపించింది" అంది.

పెద్దలు శ్రద్ధగానే విన్నారు. తర్వాత మా సైన్సు మేష్టారు గడ్డం నిమురుకుంటూ, "అయితే చాలా వచ్చాయన్నమాట" అన్నారు.

దానికి జనం ఒక్కసారి అమ్మో అన్నారు. తీసుకొచ్చిన రుజువంతా వెళ్లి ఆ కథకే ఇంకో అంతస్తు కట్టింది. ఆ సాయంత్రానికి ఊళ్లో కొత్త మాట పుట్టింది, ఒక్కో ఊరి బావికి ఒక్కోటి దిగిందట.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ బావి దగ్గర ఆగింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కంప పట్టి లాగింది. చేతుల మీద గీసుకుపోయి రక్తం వచ్చింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు. మెట్లు దిగి దోసిలితో తాగింది. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నాకు ఆ కల్వర్టు దగ్గర అంతా అర్థమైంది కదా, అయినా మొదటి మెట్టు మీద కాలు పెట్టలేకపోయాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. రమ్మని పిలవలేదు.

"నేను చెప్పానని తాగొద్దు," అంది. "ఇప్పుడు నువ్వు చూసింది ఆలోచించుకో. తాగాలనిపిస్తే తాగు, లేకపోతే ఇంటికి పోదాం పద."

నేను కళ్లు మూసుకున్నాను. కిటికీలు కనిపించాయి. కళ్లు తెరిచి, చెయ్యి చాపిన తాతని తలచుకున్నాను. మెట్లు దిగి తాగాను. పైనుంచి ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది. అన్నాళ్లు బురదనీళ్లు తాగిన నోటికి ఆ నీళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో ఆ భయంలో గమనించనే లేదు. ఇంటికి వచ్చాక మా నాన్న ఇద్దరినీ తిట్టాడు. మరుసటి రోజు నుంచి మా అమ్మ బిందె తీసుకుని తూర్పుకి కాక పడమటికి నడిచింది. చూసినవాళ్లు మా గుమ్మం తొక్కడం మానేశారు.

సోమవారం పెద్దమ్మ ఎప్పటిలాగే బస్సెక్కి పనికి వెళ్లిపోయింది. మంగళవారానికల్లా ఆమెకి జబ్బు చేసిందన్నారు. బుధవారానికి ఆసుపత్రిలో మంచం మీద ఆమెని కళ్లారా చూసి వచ్చినవాడు కూడా తయారయ్యాడు. బహుశా మా తమ్ముడి పక్కన కూర్చున్నప్పుడు చూసిన సంగతే వాడి బుర్రలో ముందువెనకలై ఉంటుంది. నేను బడిలో అందరికీ బతిమాలి చెప్పాను, నేనూ తాగాను, నాకేమీ కాలేదు కదా అని. నీకు ఇంకా పట్టలేదులే అన్నారు. చివరికి మా అమ్మ కబురు పెడితే పెద్దమ్మ పని మధ్యలో సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నపు ఎండలో గొడుగు వేసుకుని, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఇంటికి వచ్చి మంచం మీద పడుకుంది. "బతికున్నానని నిరూపించుకోవడానికి సెలవు చీటీలో కారణం ఏం రాయాలే?" అని మా అమ్మని అడిగి, అన్నాళ్లలో మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఎండలు ముదిరాక కాలవకి నీళ్లు ఆపేశారు. ఇక ఊరికి వేరే దారి లేదు. అప్పుడు పూజారి గారిని పిలిపించి బావికి శాంతి చేయించారు. పసుపునీళ్లు చల్లి కొబ్బరికాయలు కొట్టారు. ఆ సాయంత్రమే ఊరంతా బిందెలు తీసుకుని బావికి వెళ్లింది. అప్పటికి ఎన్నో రోజులుగా మేము అవే నీళ్లు తాగుతున్నాం. మంత్రం పనిచేసిందన్నారు. పెద్దమ్మకి ఈ సంగతి చెబితే, "పోనీలే, పిల్లలకి మంచినీళ్లు దొరికాయి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె దవడ బిగుసుకుని ఉంది.

నేను ఆ వేసవిలోనే ఒకరోజు ఆమెని అడిగాను. బావి మీద దిగలేదు, సరే. రైలు కాదు, సరే. మరి అసలు అదేమిటి?

"తెలియదు."

"కోర్టులో ఎవరినీ అడగలేదా?"

"అడిగా. చెరొకటి చెప్పారు. ఉల్క అన్నారు, రాకెట్టు ముక్క కాలిపోయి పడిందన్నారు. అయ్యుండొచ్చు. నేను చూడలేదు, చూసినా నాకు తెలిసేది కాదు."

నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా కిటికీలు లాగేసుకుంది, నా పేరు పోగొట్టింది, ఊళ్లో మాకు మాటలు లేకుండా చేసింది. ఇంత చేసి చేతిలో ఏమీ పెట్టకుండా తెలియదంటుందా? "నాకిప్పటికీ కిటికీలు కనిపిస్తున్నాయి" అన్నాను ఉక్రోషంగా.

"కనిపిస్తాయి," అంది. "ఇక పోవు. అవి లేవని నీకు తెలుసు, అంతవరకే."

నిజమే, పోలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. ఆ బావి పక్కన ఇప్పుడు వాటర్ ప్లాంటు ఉంది. ఆ మధ్య మా ఊళ్లో ఒక పెళ్లికి వెళితే నా వయసువాళ్లు కుర్రకారుకి ఆ కథ చెబుతున్నారు. పరుపుల తాత మనవడు, "మా తాత దగ్గర నుంచి చూశాడు, బావి మీదే దిగింది" అని చెప్పాడు. మీ తాత బావికి అవతల ఉన్నాడు నాయనా, ఆయన చెయ్యి పడమటికి చూపించింది, నేను పక్కనే ఉన్నానని చెప్పాను. అతను మర్యాదగా విని, "అప్పుడు మీరు చిన్నపిల్ల కదండీ" అన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. అతను అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఆ కల్వర్టు దగ్గర జరిగింది నేను ఎన్నిసార్లు నాలో నేను చెప్పుకున్నానో, చెప్పిన ప్రతిసారీ ఏది చేరిందో ఏది పోయిందో నాకేం తెలుసు? తాత ఎత్తింది కుడిచెయ్యా ఎడమచెయ్యా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పలేను.

పెద్దమ్మ నాకు జవాబు ఇవ్వలేదని చాలా ఏళ్లు అలిగాను. తెలియని చోటు ఒకటి ఉంటే దాన్ని ఖాళీగా వదిలేయమనీ, పక్కవాడి మాటతో పూడ్చుకోవద్దనీ ఆమె నేర్పిందని పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. అది హాయినిచ్చే పాఠం కాదు. ఖాళీ ఎప్పుడూ సలుపుతూనే ఉంటుంది. అయినా అదే నాతో మిగిలింది. మా ఇంట్లో ఎవరైనా నా కళ్లతో చూశానని మొదలుపెడితే నేను అవునా అనను, కాదా అనను. అప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావని అడుగుతాను. ఆ తర్వాత, నువ్వు చెప్పకముందు ఎవరేమన్నారని అడుగుతాను. ఈవిడతో మాట్లాడటం కష్టమని మా పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ.